‘పెరగవచ్చు’ అన్న మాటకు విలువ ఎంత?

అమ్మకమా, నిల్వా అన్న ఉమ్మడి నిర్ణయానికి ‘మసక సమితుల’ లెక్క

గుంటూరు మిర్చి యార్డులో సరుకు చూసే తీరు తెలిసినదే. కొనుగోలుదారు టిక్కీలో చేయి పెట్టి గుప్పెడు కాయలు బయటకు తీస్తాడు. రంగు చూస్తాడు. అరచేతిలో ఆడించి గింజల చప్పుడు వింటాడు. ఒక కాయను విరిచి ఎంతవరకు ఎండినదీ తెలుసుకుంటాడు. ఆ తరువాత ‘మీడియం బెస్ట్’ అంటాడు. పక్కనే వున్న మరో వ్యాపారి అదే సరుకును ‘బెస్ట్’ అనవచ్చు. ఇద్దరూ అనుభవజ్ఞులే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. కాని ఆ రెండు మాటల మధ్య వున్న తేడా రైతు చేతికి వచ్చే సొమ్ములో కనిపిస్తుంది.

ధరవరల వార్తల్లో వాడే భాష కూడా ఇటువంటిదే. మార్కెట్ ‘నిలకడగా’ వున్నదంటారు. ధరలు ‘మెత్తబడ్డాయి’ అంటారు. గిరాకీ ‘పుంజుకుంటున్నది’ అంటారు. ముందు ముందు ధర ‘పెరగవచ్చు’ అంటారు. ఎన్ని రూపాయలు తగ్గితే నిలకడ తప్పినట్లు, ఎన్ని రూపాయలు తగ్గితే మెత్తబడినట్లు? ఇందుకు గీత గీసి పెట్టినవారు ఎవరూ లేరు. అయినా వ్యాపారం ఈ మాటల మీదనే నడుస్తున్నది.

ఇటువంటి హద్దులు లేని మాటలను వదిలిపెట్టకుండానే లెక్కలోకి తీసుకోవడానికి గణితశాస్త్రంలో ఒక పద్ధతి వున్నది. దాని పేరు ‘ఫజీ సెట్ల’ పద్ధతి. తెలుగులో మసక సమితులు అనవచ్చు. నలుగురు కలిసి, రేపు ఏమి జరుగుతుందో తెలియని స్థితిలో, ఒక నిర్ణయానికి రావలసి వచ్చినప్పుడు ఈ పద్ధతి ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది సరుకు నిల్వ చేసే ప్రతివారూ తెలుసుకోదగిన విషయం.

నిల్వ నిర్ణయం చిన్నది కాదు

మిర్చి కొత్త పంట ఏటా జనవరి నుంచి వేసవి దాకా జోరుగా మార్కెట్‌కు వస్తుంది. రాబడి ఎక్కువగా వున్న రోజుల్లో ధర తగ్గడం సహజం. అప్పుడే అమ్ముకోవడమా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి వర్షాకాలంలో ‘ఏసీ సరుకు’గా అమ్ముకోవడమా అన్నది రైతు ముందుండే ప్రశ్న. నిల్వ చేస్తే గిడ్డంగి అద్దె, అప్పుపై వడ్డీ, హమాలీ ఖర్చు, తూకంలో తరుగు అన్నీ మీద పడతాయి. ధర పెరిగితే ఇవన్నీ పోను మిగులుతుంది. పెరగకపోతే ఇవన్నీ నష్టంలో కలుస్తాయి.

ఈ ప్రశ్న ఎంత బరువైనదో ఇటీవలి ధరలు చెబుతాయి. 2023లో తేజ వంటి మేలు రకాలు క్వింటాలుకు 20 వేల రూపాయలు దాటి పలికాయి. 2025 ఫిబ్రవరి నాటికి ధరలు పడిపోయి, కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ మిర్చికి మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది. మంచి ధర చూసిన కళ్లతో మరో ఏడాది సరుకును ఆపుకున్నవారి లెక్కలు ఇటువంటి పతనంలో తలకిందులవుతాయి.

రైతు ఒంటరిగా వుంటే ఇంట్లోవారితో మాట్లాడుకుని తేల్చుకుంటాడు. ఉత్పత్తిదారుల సంఘంగా కలిసి సరుకు అమ్ముకునేవారు మాత్రం అందరి తరఫునా ఒకే నిర్ణయం చేయాలి. సాధారణంగా చేతులెత్తించి, ఎక్కువమంది ఎటు వుంటే అటు పోతారు. చేతులెత్తడంలో ఒక లోపం వున్నది. గట్టిగా ‘కావాలి’ అన్నవాని చేయి, ‘సరేలే’ అన్నవాని చేయి ఒకే లెక్కలోకి వస్తాయి. రెండో మాటగా ఎవరికి ఏది ఇష్టమో అసలే బయటపడదు.

1965లో వచ్చిన ఆలోచన

మసక సమితులను ప్రతిపాదించినవారు లోట్ఫీ జాదే. 1921లో బాకూ నగరంలో పుట్టి, టెహరాన్‌లో చదువుకుని, 1944లో అమెరికా వెళ్లిన ఈ ఇంజనీరు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖలో ఆచార్యుడుగా పనిచేశారు. 1965లో ఆయన ప్రచురించిన వ్యాసం ఈ శాస్త్రానికి ఆరంభం. 2017లో ఆయన మరణించారు.

ఆయన చెప్పినది సూక్ష్మంగా ఇది. పాత గణితంలో ఒక వస్తువు ఒక సమితిలో వుంటుంది, లేదా వుండదు. వుంటే 1, లేకపోతే 0. మధ్య మార్గం లేదు. మసక సమితిలో ఒక వస్తువు కొంతమేరకు సభ్యత్వం కలిగి వుండవచ్చు. ఆ సభ్యత్వం 0 నుంచి 1 దాకా ఏ అంకె అయినా కావచ్చు.

ఉదాహరణకు, ‘తేమ 10 శాతం మించని సరుకే పొడి సరుకు’ అని ఒక కొనుగోలుదారు నిబంధన పెట్టాడనుకోవచ్చు. అప్పుడు 10 శాతం వున్న టిక్కీ పాసవుతుంది, 10.1 శాతం వున్న టిక్కీ తప్పుతుంది. చేత్తో పట్టి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. మసక సమితిలో ‘పొడి సరుకు’ను వేరుగా చెబుతారు. తేమ 9 శాతం లేదా అంతకు తక్కువైతే సభ్యత్వం 1. 13 శాతం, ఆపైన అయితే 0. మధ్యలో క్రమంగా తగ్గుతూ వస్తుంది. 10 శాతానికి 0.75, 11 శాతానికి 0.5, 12 శాతానికి 0.25. వ్యాపారి మనసులో వున్న ‘పొడి’, ‘కొద్దిగా మెత్తన’, ‘పచ్చి’ అన్న మెట్లు ఇంచుమించు ఇట్లాగే వుంటాయి.

దీనిని సంభావ్యత అని పొరబడరాదు. రేపు వాన పడే అవకాశం 0.7 అంటే రేపు సాయంత్రానికి విషయం తేలిపోతుంది. పడితే పడినట్లు, లేకపోతే లేనట్లు. కాని ‘ఈ సరుకు బెస్ట్ తరగతికి 0.7 మేరకు చెందుతుంది’ అన్నప్పుడు తెలియనిది ఏమీ లేదు. సరుకు కళ్ల ముందే వున్నది, తేమ కొలిచారు, రంగు చూశారు. అన్నీ తెలిసిన తరువాత కూడా అది 0.7గానే వుంటుంది. మసక వున్నది సరుకులో కాదు, ‘బెస్ట్’ అన్న మాట హద్దులో.

గుణాలను కలపడం ఎట్లా?

ఒక సరుకుకు రంగు 0.8, పొడితనం 0.5, తాలు కాయలు లేకపోవడం 0.9 అని తేలిందనుకోవచ్చు. మూడూ కలిసి ‘నిల్వకు పనికివచ్చే సరుకు’ ఎంత? జాదే చెప్పిన మొదటి సూత్రం ప్రకారం, ‘ఇదీ కావాలి, అదీ కావాలి’ అన్నప్పుడు వాటిలో కనిష్ఠమైనదే ఫలితం. అంటే 0.5. సగటు తీస్తే 0.73 వస్తుంది. రెండింటిలో ఏది న్యాయం? తేమ వున్న సరుకును గిడ్డంగిలో పెడితే బూజు పడుతుంది. రంగు ఎంత బాగున్నా ఆ లోటును పూడ్చలేదు. అందువల్ల ఇక్కడ కనిష్ఠ సూత్రమే సరి. ఒక గుణం మరొక గుణం లోటును తీర్చగలిగిన చోట సగటు తీయవచ్చు.

రిచర్డ్ బెల్‌మన్‌తో కలిసి జాదే 1970లో ఈ సూత్రాన్ని నిర్ణయాలకు వర్తింపజేశారు. ‘మంచి ధర రావాలి’ అన్నది లక్ష్యం. ‘అప్పు గడువు మరీ దాటరాదు’ అన్నది అడ్డు. రెండూ మసక మాటలే. కనుక రెండింటినీ ఒకే రకం సమితులుగా తీసుకుని, రెండింటికీ కలిపి ఎక్కువ సభ్యత్వం వచ్చే మార్గాన్ని ఎన్నుకోవాలన్నది వారి సూచన. ఉమ్మడి నిర్ణయాల మీద తరువాత వచ్చిన పద్ధతులు చాలా ఈ వ్యాసం నుంచే బయలుదేరాయి.

‘రావచ్చు’ వేరు, ‘తప్పక వస్తుంది’ వేరు

ఇప్పుడు ధర సంగతి. ముందు ముందు ధర ఎంత వుంటుందని అడిగితే అనుభవమున్నవారు ఒక్క అంకె చెప్పరు. ‘13 వేలకు తగ్గదు, 16 వేల ప్రాంతంలో వుంటుంది, ఎంత పెరిగినా 19 దాటదు’ అంటారు. ఈ మూడు అంకెల మాటను మసక అంకెగా తీసుకుంటారు. మధ్య అంకెకు సభ్యత్వం 1. అక్కడినుంచి రెండు పక్కలా జారుతూ చివరలకు 0 అవుతుంది. కాగితం మీద గీస్తే త్రికోణంలా వుంటుంది.

లెక్క తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. ఇవాళ ధర క్వింటాలుకు 15 వేల రూపాయలు. సంఘంలో మార్కెట్ తిరిగే ముగ్గురు ఐదు నెలల తరువాత ధర మీద ఇచ్చిన అంచనాలు ఇవి. మొదటివారు 13, 16, 19 వేలు. రెండోవారు 12, 14, 17 వేలు. మూడోవారు 14, 18, 21 వేలు. మూడింటి సగటు సరిగా 13, 16, 19 వేలు వస్తుంది.

16 వేలు చూడగానే నిల్వ చేయాలనిపిస్తుంది. ఖర్చు తీసివేయాలి. అద్దె, వడ్డీ, తరుగు అన్నీ కలిపి 1,200 రూపాయల ప్రాంతం, తక్కువైతే 1,000, ఎక్కువైతే 1,500 అనుకోవచ్చు. తీసివేతలో తక్కువ ధరనుంచి ఎక్కువ ఖర్చును, ఎక్కువ ధరనుంచి తక్కువ ఖర్చును తీయాలి. మిగిలేది 11,500, 14,800, 18,000. మధ్య అంకె ఇవాళ్టి ధరకన్నా 200 తక్కువ. కింది వైపు నష్టం 3,500 దాకా వుండవచ్చు. పై వైపు లాభం 3,000 దాకా వుండవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం బయటపడుతుంది. జాదే 1978లో ప్రారంభించి, ఫ్రాన్సుకు చెందిన ద్యుబ్వా, ప్రాద్ విస్తరించిన సిద్ధాంతం ప్రకారం రెండు అంకెలు లెక్కించాలి. ‘నిల్వ చేస్తే 15 వేలకు తగ్గకుండా మిగలవచ్చు’ అన్న మాటకు ఆస్కారం ఎంత? పై త్రికోణంలో 15 వేల దగ్గర సభ్యత్వం 0.94. అంటే ఇంచుమించు పూర్తిగా వున్నది. ‘15 వేలకు తగ్గకుండా తప్పక మిగులుతుంది’ అన్న మాటకు బలం ఎంత? సున్న. ఎందుకంటే 15 వేలకు తక్కువ మిగలడానికి కూడా పూర్తి ఆస్కారం వున్నది.

మార్కెట్‌లో పుకారు ఎందుకు పనిచేస్తుందో ఈ రెండు అంకెలు చెబుతాయి. ‘పెరగవచ్చు’ అన్నవాడు తప్పు చెప్పలేదు. అతని మాటకు 0.94 వున్నది. విన్నవాడు దానిని ‘పెరుగుతుంది’ అని చెవిన వేసుకుంటే, సున్న మీద సరుకు పెట్టినట్లవుతుంది. ఉమ్మడి చర్చలో ఎవరు ఏ మాట అన్నారో విడదీసి రాసుకోవడం ఒక్కటే ఈ పద్ధతి ఇచ్చే మొదటి లాభం.

ఐదుగురు, మూడు మార్గాలు

ఇక అసలు నిర్ణయం. సంఘం కార్యవర్గంలో ఐదుగురు వున్నారు. మూడు మార్గాలు వున్నాయి. అంతా ఇప్పుడే అమ్మడం ఒకటి. అంతా నిల్వ చేయడం రెండోది. సగం అమ్మి సగం నిల్వ చేయడం మూడోది. ప్రతి మార్గం మీద ప్రతి సభ్యుడు ఒక మాట చెప్పాలి. ‘ససేమిరా’ అంటే 0. ‘అంత ఇష్టం లేదు’ అంటే 0.25. ‘ఫరవాలేదు’ అంటే 0.5. ‘బాగున్నది’ అంటే 0.75. ‘అదే సరైనది’ అంటే 1. ఐదుగురు చెప్పిన మాటలు వరుసగా ఇట్లా వున్నాయనుకోవచ్చు.

ఇప్పుడే అమ్మడం: 1, 1, 1, 0.25, 0.

అంతా నిల్వ: 0, 0, 0.25, 1, 1.

సగం అమ్మకం, సగం నిల్వ: 0.75, 0.75, 0.75, 0.75, 0.5.

చేతులెత్తిస్తే అమ్మకానికి 3, నిల్వకు 2. సగం సగం మార్గానికి ఒక్క చేయి కూడా లేవదు. ఎందుకంటే అది ఎవరికీ మొదటి మాట కాదు. కాని అంకెలు చూస్తే దానికి ఎవరూ గట్టిగా అడ్డు చెప్పలేదు. చేతులెత్తే పద్ధతిలో పూర్తిగా మరుగున పడిన మార్గం ఇది.

కలిపే సూత్రం మారితే గెలుపు మారుతుంది

ఈ మాటలను ఒక్కటిగా కలపడానికి పలు సూత్రాలు వున్నాయి.

మొదటిది కనిష్ఠ సూత్రం. అందరికీ అంగీకారం కావాలన్నప్పుడు ఇది వాడతారు. అమ్మకానికి 0, నిల్వకు 0, సగం సగానికి 0.5 వస్తుంది. సగం సగమే గెలుస్తుంది.

రెండోది సగటు. అమ్మకానికి 0.65, నిల్వకు 0.45, సగం సగానికి 0.70. ఇక్కడా సగం సగమే ముందున్నది. తేడా మాత్రం స్వల్పం.

మూడోది ‘చాలామంది’ సూత్రం. అందరూ అక్కరలేదు, చాలామంది ఒప్పుకుంటే చాలు అనడం సంఘాల్లో వాడుకే. ‘చాలామంది’ కూడా మసక మాటే. 30 శాతం వరకు అది చాలామంది కాదు. 80 శాతం, ఆపైన అయితే నిస్సందేహంగా చాలామందే. మధ్యలో క్రమంగా పెరుగుతుంది. ఉమ్మడి నిర్ణయాల్లో ఇటువంటి మాటల వాడకాన్ని పోలండు శాస్త్రవేత్త కాట్స్‌ప్షిక్ 1986లో వివరించారు. అమెరికాకు చెందిన రొనాల్డ్ యాగర్ 1988లో దీనికి సులభమైన లెక్క చూపారు. ఒక్కొక్క మార్గానికి వచ్చిన అంకెలను పెద్దదానినుంచి చిన్నదానికి పేర్చాలి. ఐదుగురు వున్నప్పుడు పై ‘చాలామంది’ ప్రకారం మొదటి స్థానానికి 0, రెండోదానికి 0.2, మూడు, నాలుగు స్థానాలకు 0.4 చొప్పున, ఐదోదానికి 0 తూకం వస్తుంది. తూకం వ్యక్తికి కాదు, స్థానానికి. ఈ లెక్కన అమ్మకానికి 0.70, నిల్వకు 0.30, సగం సగానికి 0.75.

నాలుగోది ‘సగం మంది చాలు’ అన్న సూత్రం. అప్పుడు తూకాలు 0.4, 0.4, 0.2, 0, 0 అవుతాయి. అమ్మకానికి 1 వస్తుంది. నిల్వకు 0.85 వస్తుంది. సగం సగానికి 0.75 వచ్చి, ఇంతవరకు ముందున్న మార్గం చిట్టచివరకు పోతుంది.

సభ్యులు అన్న మాటలు ఒక్కటీ మారలేదు. మారినది కలిపే సూత్రం మాత్రమే. ఈ పద్ధతి గురించి తెలుసుకోవలసిన అసలు విషయం ఇదే. అంకెలు వచ్చాయి గనుక నిర్ణయం యంత్రం చేసినట్లు ఎవరైనా చెబితే నమ్మరాదు. ఏ సూత్రంతో కలపాలి అన్నప్పుడే నిర్ణయంలో పెద్ద భాగం జరిగిపోయినట్లు. చేతులెత్తే పద్ధతిలో కూడా ఇటువంటి సూత్రం దాగి వున్నది. అక్కడ అది కనిపించదు, ఇక్కడ కనిపిస్తుంది. అందువల్ల సూత్రాన్ని మాటలు అడగకముందే ఖరారు చేసి మినిట్స్ పుస్తకంలో రాయాలి. అంకెలు చూసిన తరువాత సూత్రం ఎన్నుకుంటే, సంతకం చేసిన ఖాళీ చెక్కు అధ్యక్షుని చేతిలో పెట్టినట్లే.

గట్టిగా అరిచినవాని సంగతి

ఉమ్మడి నిర్ణయాల్లో మరో చిక్కు వున్నది. తన మాట నెగ్గాలని కొందరు ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెబుతారు. పై ఉదాహరణలో ఐదో సభ్యునికి అంతా నిల్వ చేయాలని వున్నది. సగం సగం మార్గానికి అతడు నిజంగా ‘ఫరవాలేదు’ అనగలడు. కాని బేరం పెంచడానికి దానికి కూడా ‘ససేమిరా’ అన్నాడనుకోవచ్చు. అప్పుడు సగం సగానికి సగటు 0.70 నుంచి 0.60కి పడిపోతుంది. 0.65 వున్న అమ్మకం గెలుస్తుంది. అంటే, అమ్మకం అసలే వద్దన్న వ్యక్తి తన అతిశయోక్తితో అమ్మకానికే గెలుపు తెచ్చిపెట్టినట్లయింది.

‘చాలామంది’ సూత్రంలో ఇది జరగదు. చిట్టచివరి స్థానానికి తూకం లేదు గనుక సగం సగానికి 0.75 అట్లాగే వుంటుంది. కనిష్ఠ సూత్రంలో మాత్రం ఒక్కడు 0 అంటే మార్గమే మూతపడుతుంది. అందరి అంగీకారం అన్నది వినడానికి గొప్పగా వుంటుంది. ఆచరణలో అది ప్రతి ఒక్కరి చేతికీ తాళం చెవి ఇవ్వడమే. ఐదుగురు ఒకరినొకరు నమ్మే చోట అది చెల్లుతుంది, అంత నమ్మకం లేని చోట చెల్లదు.

తేడా ధర మీదనా, అవసరం మీదనా?

అంకెలు కలపడంకన్నా ఎక్కువ ఉపయోగం వాటిని విడివిడిగా చూడడంలో వున్నదని చెప్పవచ్చు. అమ్మకం మీద సభ్యుల మధ్య దూరం 1. అంటే ఈ చివర నుంచి ఆ చివరకు. సగం సగం మీద దూరం 0.25 మాత్రమే. దూరం ఎక్కువ వున్న చోట ‘ఎందుకు?’ అని అడిగి, మాట్లాడుకుని, రెండోసారి మాటలు తీసుకోవడం ఈ పద్ధతిలో భాగం.

అడిగినప్పుడు రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు ‘నిల్వలు ఇప్పటికే ఎక్కువగా వున్నాయి, ధర పెరగదు’ అంటారు. ఇది తెలియనితనం. గిడ్డంగుల నిల్వలు, ఎగుమతి ఆర్డర్లు, కొత్త సాగు విస్తీర్ణం గురించి సమాచారం వస్తే ఈ తేడా తగ్గుతుంది. మరొకరు ‘ధర పెరిగినా నాకు లాభం లేదు, ఈ నెలాఖరుకు బ్యాంకు బాకీ కట్టాలి’ అంటారు. ఇది తెలియనితనం కాదు, అవసరం. ఎంత సమాచారం తెచ్చినా ఈ తేడా తగ్గదు. నిల్వ సరుకు రసీదు మీద రుణం ఇప్పించడమో, బాకీ వున్నవారి సరుకును ముందుగా అమ్మడమో చేస్తే తగ్గుతుంది. రెండింటినీ ఒకే ‘సగటు’లో కలిపివేస్తే, బాకీ వున్న రైతు అవసరాన్ని ధర మీద తప్పు అంచనాగా లెక్కవేసినట్లవుతుంది.

ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలి అన్నది మరో ప్రశ్న. 20 టిక్కీలు వున్నవానికి, 200 టిక్కీలు వున్నవానికి మాట సమానమేనా? సరుకు వాటా ఒకటి, మార్కెట్ అనుభవం మరొకటి. ధర అంచనాలో అనుభవానికి ఎక్కువ తూకం ఇవ్వడం సబబు. ఏ మార్గం ఎన్నుకోవాలి అన్నచోట అనుభవజ్ఞునికి ఎక్కువ ఓట్లు ఇవ్వడం అంత సబబు కాదు. నష్టం వస్తే భరించేది అందరూ.

విమర్శలు, పరిమితులు

ఈ శాస్త్రాన్ని మొదటినుంచీ అందరూ ఒప్పుకోలేదు. మసక చేయవలసినదంతా సంభావ్యతా శాస్త్రమే చేయగలదని వాదించినవారు వున్నారు. బర్కిలీలోనే జాదే సహచరుడైన విలియం కహాన్ దీనిని గట్టిగా విమర్శించారు. ఆదరణ మొదట కర్మాగారాలనుంచి వచ్చింది. లండన్‌లో మమ్దానీ 1970 దశకం మధ్యలో ప్రయోగశాలలోని ఒక ఆవిరి యంత్రాన్ని మసక సూత్రాలతో నడిపి చూపారు. డెన్మార్కులో సిమెంటు బట్టీలకు ఆ పద్ధతిని వాడారు. జపాన్‌లో సెండాయ్ నగరపు భూగర్భ రైలు 1987లో ఈ విధానంతో నడక ప్రారంభించింది. మన దేశపు ఇళ్లలోకి బట్టలు ఉతికే యంత్రాల మీద రాసిన ‘ఫజీ లాజిక్’ అన్న మాటగా వచ్చి చేరింది.

అయితే యంత్రం నడపడం వేరు, మనుషుల మాటలు కలపడం వేరు. యంత్రం తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది, సరిదిద్దవచ్చు. నిల్వ నిర్ణయం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. అదీ కాక, ఒకరి ‘బాగున్నది’ మరొకరి ‘బాగున్నది’ సమానమని ఈ లెక్క అనుకుంటుంది. మితభాషి 0.75కు, ఉత్సాహి 0.75కు నిజంగా ఒకే విలువ వున్నదని చెప్పడానికి కొలబద్ద లేదు. మొదటి, రెండు, మూడు అని వరుస మాత్రమే చెప్పే ఓటింగు పద్ధతుల్లో, న్యాయమనిపించే కొద్దిపాటి షరతులన్నింటినీ ఒకేసారి తీర్చే సూత్రం లేదని కెన్నెత్ యారో 1951లో నిరూపించారు. మసక పద్ధతి వరుసకు బదులు మోతాదు అడిగి ఆ చిక్కును కొంత తప్పించుకుంటుంది. మోతాదులను పోల్చవలసిన కొత్త చిక్కును తెచ్చుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ పద్ధతి ధర చెప్పదు. చైనా, బంగ్లాదేశ్‌ల కొనుగోళ్లు ఎట్లా వుంటాయో, సాగు ఎంత పెరుగుతుందో దీనికి తెలియదు. ముగ్గురి అంచనాలు తప్పయితే వాటి సగటు కూడా తప్పే. అది చేయగలిగినది ఒక్కటే. ఎవరికి ఎంత తెలుసో, ఎవరు ఎంత ఒప్పుకుంటారో, ఆ మాటలను ఏ నియమంతో కలిపారో ఒక కాగితం మీద పెట్టగలదు.

సంఘాలు చేయదగిన పని

దీనికి కంప్యూటరు కూడా అక్కరలేదు. ఒక తెల్ల కాగితం, పెన్సిలు చాలు. ముందుగా కలిపే సూత్రాన్ని తీర్మానించాలి. తరువాత ఒకరి మాట మరొకరు వినకముందే చీటీల మీద ధర అంచనాలు మూడు అంకెలుగా తీసుకోవాలి. నిల్వ ఖర్చు తీసివేసి చూడాలి. ‘రావచ్చు’, ‘తప్పక వస్తుంది’ అన్నవాటికి వేరువేరు అంకెలు రాయాలి. ఆపైన ఒక్కొక్క మార్గం మీద ఐదు మాటల్లో ఒకటి చొప్పున అడగాలి. దూరం ఎక్కువ వున్న చోట కారణం అడిగి, అది ధర మీద తేడానా, అవసరం మీద తేడానా తేల్చుకోవాలి. చివరికి వేరువేరు సూత్రాలతో కూడా ఒకసారి కలిపి చూడడం మంచిది. ఏ సూత్రంతో చూసినా ఒకే మార్గం గెలిస్తే ధైర్యంగా పోవచ్చు. సూత్రంతోపాటు గెలుపు మారుతున్నట్లయితే, సంఘంలో ఇంకా మాట కలవలేదని అర్థం. అటువంటప్పుడు సరుకు మొత్తాన్ని ఒకే వైపు పెట్టడం మంచిది కాదు.

ఆ కాగితాన్ని దాచిపెట్టాలి. వర్షాకాలంలో ఏసీ సరుకు ధర తేలిన తరువాత తీసి చూస్తే, ఎవరి త్రికోణంలో నిజమైన ధర పడినదీ తెలుస్తుంది. మూడు నాలుగు ఏళ్ల కాగితాలు చేరితే, ‘పెరగవచ్చు’ అన్నవారిలో ఎవరి మాట వినాలో సంఘానికే తెలుస్తుంది.